అగస్టస్ ఎన్‌క్లేవ్‌లో విదేశీ కానుగ

జూనో బ్లాక్, మూడో అంతస్తు,
అగస్టస్ ఎన్‌క్లేవ్, ఎల్బీ నగర్.
జూలై మొదటి వారం.

నివాసుల సంఘం అధ్యక్షులు శ్రీ కోదండం గారికి,

నమస్కారాలు. మీరు సరిగ్గా నా కింది అంతస్తులోనే ఉంటారు. మీ ఇంట్లో కుక్కర్ కూత పెడితే నేను మా స్టవ్ దగ్గరికి పరుగెత్తుతాను. అయినా ఈ ఉత్తరాన్ని కవర్లో పెట్టి, స్టాంపు అంటించి, దిల్‌సుఖ్‌నగర్‌లో మీ చీరల దుకాణానికి పోస్టు చేస్తున్నాను. నాకేం సరదా కాదు. వేసవి మీటింగులో కుర్చీ విరిగినప్పటి నుంచి ఫిర్యాదులన్నీ రాతలో, మీ దుకాణానికి పోస్టులోనే పంపాలనీ, మెట్ల మీద ఎదురుపడినప్పుడు సంఘం మాటలు ఎత్తకూడదనీ రూలు పెట్టింది మీరే.

విషయానికి వస్తాను. ముప్పై ఏళ్లు ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. చేతులు ఊరుకోక, పర్యావరణ దినోత్సవం నాడు మన ఆవరణలో చెట్లన్నిటికీ రేకు పలకలు కట్టాను. ఒక్కో పలక మీద ఆ చెట్టు లాటిన్ పేరు నేనే తెలుగు అక్షరాల్లో రాశాను. పిల్లలు చదువుతారనుకున్నాను. పిల్లలు చదివారో లేదో తెలియదు గాని, నిన్న పొద్దున చూస్తే మన రెండు బాల్కనీల ముందున్న కానుగ చెట్టు మొదలుకు ఎవరో ఎర్ర పెయింటుతో ఇంటూ మార్కు వేశారు. మా కాలేజీలో ఆ మార్కు తప్పు జవాబుకి వేసేవాళ్లం. ఆ చెట్టు చేసిన తప్పేమిటో దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
వేదవతి

*

దిల్‌సుఖ్‌నగర్, దుకాణం నుంచి.
జూలై మూడో వారం.

వేదవతి మేడం గారికి,

తమరి లేఖ అందినది. సంఘం తరఫున పరిశీలించడమైనది. జవాబు ఆలస్యమైనందుకు క్షమించాలి, ఆషాఢం సేల్ నడుస్తున్నది, మాకు ఊపిరి పీల్చుకునే తీరిక లేదు.

మార్కు మేమే వేయించాము. తప్పు ఏమిటని అడిగారు. ఆ తప్పును బయటపెట్టినది మీరు కట్టిన పలకలే. అంతకు ముందు మేమంతా ఇవి మన చెట్లేనన్న నమ్మకంతో ఉన్నాము. వాచ్‌మన్ జంగయ్య ముందుగా గమనించి నాతో అన్నాడు: "సార్, మనం వేప వేప అనుకుంటున్నం గానీ గిది వేప కాదంట. దీని పేరు వేరే ఉన్నదంట. మేడం బోర్డు కట్టింది, చూడుండ్రి." వెళ్లి చూశాను. వేపకే కాదు, చింతకూ మామిడికీ కూడా నోరు తిరగని పేర్లు ఉన్నాయి. విదేశాల నుంచి తెచ్చి నాటిన చెట్ల వల్ల ఊపిరితిత్తులు పాడవుతున్నాయని పేపర్లలో వస్తూనే ఉన్నది. కార్యదర్శి మహిపాల్ మీటింగులోనే లేచి, "ఇన్నేండ్లు తెల్వక ఫారిన్ చెట్ల నీడల కూసున్నం" అని చాలా బాధపడ్డారు.

అన్నిటినీ ఒకేసారి తీయడం బాగుండదు గనుక ఇళ్లకు మరీ దగ్గరగా ఉన్న కానుగతో మొదలుపెట్టాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించినది. ఆ జాగాలో రెండు కార్లు కూడా పడతాయి. ఇంత విలువైన సమాచారం అందించినందుకు సంఘం మీకు కృతజ్ఞతలు తెలుపుచున్నది.

భవదీయుడు,
కోదండం, అధ్యక్షుడు

*

ఎల్బీ నగర్, జూలై ఆఖరు.

కోదండం గారికి,

మీ కృతజ్ఞతలు చదివి కాసేపు కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. ఈసారి కుర్చీ విరగలేదు.

అయ్యా, లాటిన్ పేరున్నంత మాత్రాన చెట్టు విదేశీది అయిపోదు. భూమ్మీద ప్రాణమున్న ప్రతిదానికీ శాస్త్రంలో ఒక లాటిన్ పేరుంటుంది. మీకూ ఉంది, నాకూ ఉంది, హోమో సేపియన్స్ అని. మామిడిని ఒక ఊళ్లో ఆమ్ అంటారు, ఇంకో ఊళ్లో మాంగాయ్ అంటారు. ఎవరి పేరు గొప్పదని కొట్టుకోకుండా, ఇప్పుడు ఏ దేశమూ ఇంట్లో మాట్లాడుకోని భాషలో ఒక్కోదానికి ఒక్క పేరు పెట్టుకున్నారు. అంతే.

పోనీ ఆ పేర్లయినా విప్పి చూడండి. వేప పలక మీద అజాడిరక్టా ఇండికా అని రాశాను. అందులో ఉన్నది ఫారసీ వాళ్ల ఆజాద్ దరఖ్త్. స్వేచ్ఛ గల చెట్టు అని అర్థం, మీ దుకాణం వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. చింత టామరిండస్ ఇండికా. అరబ్బులు మన చింతపండును హిందూ దేశపు ఖర్జూరం అన్నారు, ఆ మాటే లాటిన్‌లోకి పోయింది. ఇండికా అంటే ఇండియాది అని. కానుగ పొంగామియా పిన్నాటా. తమిళులు కానుగను పుంగం అంటారు, దానికే తోక తగిలించారు. మన పేర్లే కోటు వేసుకుని తిరిగి వస్తే మనమే గుర్తుపట్టలేదన్నమాట! మీ సొంతూరు పోచంపల్లిలో చిన్నప్పుడు మీరు కానుగ పుల్లతో పళ్లు తోముకుని ఉండరా?

ఇంకొక్క మాట. విదేశీ పేరే నేరమైతే ముందు మన బిల్డింగు సంగతి తేల్చండి. అగస్టస్ రోమన్ చక్రవర్తి. మన బ్లాకుల పేర్లు జూనో, మినర్వా వాళ్ల దేవతలవి. మన బిల్డరుకు వాళ్లతో ఏం చుట్టరికమో నాకు తెలియదు. చెట్టును కొట్టే చేత్తోనే చక్రవర్తిని కూడా కొట్టేస్తారా?

ఆ చెట్టును వదిలేయండి. నా మాట నమ్మండి.

వేదవతి

*

దిల్‌సుఖ్‌నగర్, ఆగస్టు నడిమధ్య.

వేదవతి మేడం గారికి,

తమరి లేఖను సర్వసభ్య సమావేశంలో నేనే నిలబడి చదివాను. హోమో సేపియన్స్ అన్న చోట కొంత గొడవ జరిగినది. అధ్యక్షుడిని రాతపూర్వకంగా అలా అనవచ్చునా అని మహిపాల్ ప్రశ్నించారు. నేనే సర్దిచెప్పాను.

చక్రవర్తి విషయంలో మీరు అన్నది న్యాయంగా ఉన్నదని సభ్యులు ఒప్పుకున్నారు. బిల్డింగు పేరు మార్చాలని అక్కడికక్కడే తీర్మానం పెట్టాము. ఏ పేరు అన్నప్పుడు తిప్పలొచ్చింది. మీ వైపు నుంచి వచ్చిన పట్టాభి గారు గోదావరి అన్నారు. "మేం మూసీ ఒడ్డుకు పుట్టినోళ్లం, గోదావరి ఏంది?" అని మహిపాల్ లేచారు. అయితే మూసీ అనే పెట్టండని పట్టాభి గారు అంటే, "మూసీ నివాస్ అంటే ఫ్లాట్లు ఎవరు కొంటరు సార్?" అని మళ్లీ ఆయనే కూర్చున్నారు. అంతలో ఎవరో, పేరు మారితే అందరం ఆధార్ కార్డులో అడ్రసు మార్చుకోవాలని గుర్తు చేశారు. తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నాము. చక్రవర్తి ఉంటాడు.

చెట్టు విషయంలో మాత్రం మార్పు లేదు. నేను కానుగ పుల్లతో పళ్లు తోముకున్న మాట నిజమే. కాని ఆ చెట్టుకు పలక లేకుండె. ఎవరిదీ కాని భాషలో పేరు పెట్టుకున్నారని మీరే రాశారు. ఎవరిదీ కాని చెట్టు కోసం ఎవరు అడ్డుపడతారు? చెట్టు కొట్టడానికి సర్కారు అనుమతి కావాలని మీరు అంటారని తెలుసు. దానికి మహిపాల్ ఉపాయం చెప్పారు. "కొమ్మలు కొట్టుడుకు ఎవ్వరినీ అడగక్కర్లే. మొదలు దాక కొమ్మలే కొట్టిద్దాం. మొదలు మిగిలినంక అనుమతి అడుగుదం." వినాయక నిమజ్జనం అయిన మరుసటి ఆదివారం పని మొదలవుతుంది.

కోదండం, అధ్యక్షుడు

*

ఎల్బీ నగర్, ఆగస్టు ఆఖరు.

కోదండం గారూ,

మీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. ఆధార్ కార్డుకు భయపడి రోమన్ చక్రవర్తిని వదిలేసిన మొదటి ప్రజలం మనమే అయ్యుంటాం. నవ్వు అయిపోయాక వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఇది ఫిర్యాదు కాదు కాబట్టి మీ ఫైల్లో పెట్టకండి.

నేను తెనాలి నుంచి ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చినప్పుడు సరూర్‌నగర్‌లో కిరాయికి ఉండేదాన్ని. "ఏ ఊరు మేడం మీది?" అని అడగనివాళ్లు లేరు. సగం మంది ప్రేమగా అడిగేవాళ్లు, సగం మంది లెక్క తేల్చుకోవడానికి అడిగేవాళ్లు. ఏ సగమో పోల్చుకోవడం తొందరగానే అలవాటైంది. ఇక్కడే ఉద్యోగం చేశాను, ఇక్కడే మా ఆయన్ని పోగొట్టుకున్నాను. ఇప్పటికీ కూరగాయల బండి దగ్గర నోరు తెరిస్తే చాలు, మీది ఆ వైపా అంటారు. నేను తప్పు పట్టను, నా మాట అలాంటిది.

ఈ ఫ్లాటు కొన్నది ఆ చెట్టును చూసే. అది బిల్డింగు కన్నా ముందు నుంచీ ఉంది. మార్చిలో ఆకు రాలుస్తుంది. వారం తిరగకుండా లేత చిగురు వేస్తుంది. ఎండలు ముదిరే వేళకు కింద నేలంతా పేలాలు పోసినట్టు పూలు రాలుతాయి. అప్పుడు నేను చాప వేసుకుని కింద కూర్చుంటాను. ఎవరూ ఏ ఊరని అడగరు.

విదేశీ అన్న మాటను మీరు చెట్టు మీద వేశారు గాని, అది తగిలింది నాకు. కోదండం గారూ, ఆ చెట్టు ఈ నేలది, మీ పోచంపల్లిలో ఎంత పుట్టిందో ఇక్కడా అంతే పుట్టింది. బయటి నుంచి వచ్చింది నేను. నా పలక వల్ల దాని ప్రాణం పోతే నేనిక ఆ బాల్కనీ తలుపు తీయలేను.

తెలుగు పేరు కూడా రాయాల్సింది. కానుగ అని ఎవరికి తెలియదులే అనుకున్నాను.

వేదవతి

*

దిల్‌సుఖ్‌నగర్, సెప్టెంబరు మొదట్లో.

మేడం,

ఇది సంఘం కాగితం కాదు. దుకాణంలో బిల్లు పుస్తకం వెనక తెల్ల కాగితం చింపి రాస్తున్నాను. మీరు చదివి చింపేయాలి.

నేను పార్కింగ్ కోసం చేస్తున్నానని మీరు అనుకుంటున్నట్టున్నారు. పార్కింగ్ మహిపాల్‌ది. నాది వేరే. మా భూలక్ష్మికి జూన్ నుంచి ఆయాసం. మెట్టెక్కితే ఆగిపోతున్నది, పొడి దగ్గు. మొదట జలుబు అనుకున్నాము. తరువాత దవాఖానలో ఫోటో తీస్తే ఊపిరితిత్తులలో మచ్చ లాగా ఉన్నదన్నారు. డాక్టరు చాలా ప్రశ్నలు అడిగారు. కిటికీ దగ్గర చెట్లున్నాయా అన్నారు. ఉన్నదన్నాను. ఏం చెట్టు అన్నారు. ఇంటికొచ్చి చూస్తే దాని మీద మీ పలక. ఆ పేరు చదివాక కారణం ఇదేనని అనుకున్నాను. మా అమ్మ మగ్గం గుంటలో దూది పీల్చి పీల్చి అట్లనే దగ్గి దగ్గి పోయింది. నేను అప్పుడు చిన్నవాణ్ని, ఏమీ చేయలేదు. ఇప్పుడు చేయగలను అనుకున్నాను.

ఇంటి బాధను సంఘం మీద రుద్దుతున్నాడని అంటారని మీటింగులో చెప్పలేదు. భూలక్ష్మికి కూడా చెట్టు కొట్టించేది తన కోసమని తెలియదు. తెలిస్తే ఒప్పుకోదు. ఆమె పొద్దున్నే బాల్కనీలో ఆ చెట్టు ఎదురుగానే కూర్చుంటుంది. నేను పావురాలకు జొన్నలు వేస్తుంటే చూస్తుంటుంది. మా నాయిన పోయినప్పటి నుంచి పెద్దలకని రోజూ జొన్నలు వేస్తున్నాను, ఒక్క పూట తప్పలేదు. ఈ ఏడు పక్షులు బాగా పెరిగాయి, గూళ్లు కూడా అక్కడే పెట్టాయి. అవి ఎగిరిన కాసేపటికి ఆమెకు ఊపిరి పట్టేస్తుంది. చెట్టు అంత దగ్గర ఉన్నది మరి.

మీరు చదువుకున్నవారు. చెట్టు పక్షం అని కూడా తెలుసు. అయినా అడుగుతున్నాను. ఆ చెట్టు కాదని మీరు ఒట్టేసి చెప్పగలరా?

కోదండం

*

ఎల్బీ నగర్. మీ ఉత్తరం అందిన రోజే.

కోదండం గారూ,

ఒట్టు వేయను, తెలిసింది చెబుతాను. కానుగ పూసేది ఎండాకాలంలో. దాని పుప్పొడి గాల్లో ఎగరదు, తేనెటీగల కాళ్లకు అంటుకుని పోతుంది. జూన్‌కి పువ్వే ఉండదు. ఇప్పుడు దగ్గు ఎక్కువవుతోందంటే దానికి కారణం కానుగ అని నేను అనుకోను. అదేనని డాక్టరు తేలిస్తే మాత్రం ఆ గొడ్డలివాణ్ని నేనే పిలిపిస్తాను. భూలక్ష్మి గారి కన్నా నాకు చెట్టు ఎక్కువ కాదు. ఈ మాటను ఒకసారి కొట్టేసి మళ్లీ రాశాను, అయినా నిజమే.

ఒక సంగతి అడగాలి. డాక్టరు చాలా ప్రశ్నలు వేశారన్నారు కదా. పక్షుల గురించి అడగలేదా? మీరు పావురాల మాట చెప్పారా? వాటి రెట్టలు ఎండి, ఈకల దుమ్ముతో కలిసి రోజూ ఊపిరిలోకి పోతే కొందరికి సరిగ్గా ఇలాగే అవుతుంది. నేను డాక్టర్ని కాను, చూసి చెప్పలేను. రేపే ఆమెను తీసుకెళ్లి, బాల్కనీలో పావురాలున్నాయని చెప్పండి. గూళ్ల మాట కూడా చెప్పండి. అప్పటిదాకా ఆమెను బాల్కనీలో కూర్చోనివ్వకండి.

పెద్దల కోసం వేస్తున్న గింజలని నాకు తెలుసు. తప్పుగా అనుకోవద్దు. ఈ ఉత్తరం పోస్టులో వేస్తే రెండు రోజులు పడుతుంది. సంఘం రూలు ఏమైనా కానీ, కిందికి దిగి మీ తలుపు కింద నుంచి తోసేస్తున్నాను.

వేదవతి

*

దిల్‌సుఖ్‌నగర్, దసరాకు ముందు.

వేదవతక్కా,

ఇట్ల పిలవొచ్చునో లేదో తెలియదు. పిలిచేశాను.

డాక్టరు నన్ను బాగా తిట్టారు. "పెంపుడు జంతువులేమైనా ఉన్నయా అని నిన్ను అడిగిన్నా లేదా?" అన్నారు. అడిగారు. లేవన్నాను. అబద్ధం కాదక్కా, నేను పావురాలను పెంచడం లేదు. పెద్దలకు పెట్టేది పెంపకం అవుతుందని నాకెట్ల తెలుస్తుంది? రక్త పరీక్షలు, మళ్లీ ఫోటోలు, అన్నీ అయ్యాక అవే కారణమని తేల్చారు. ఇంకో ఏడాది ఇట్లనే నడిస్తే ఊపిరితిత్తులు గట్టిపడి వెనక్కి రాకపోయేవట. బాల్కనీ కడిగించి నెట్ కట్టించాను. నెల రోజుల్లో భూలక్ష్మి మెట్లెక్కి మీ ఇంటిదాకా రాగలిగింది. మీరు ఉప్మా పెట్టారట. నాకు చెప్పి చెప్పి చంపుతున్నది.

కొమ్మలవాళ్లు నిచ్చెనతో వచ్చిన పొద్దున నేనే చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అందరూ చేరారు. ఇంటి సంగతి మొత్తం చెప్పాను, సిగ్గు విడిచి. కొంతమంది ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మహిపాల్ మాత్రం, "తీర్మానమైతే అయింది గదా సార్" అన్నారు. గేటు పక్కనున్న నా పార్కింగ్ ఆయనకు రాసిచ్చాను. నా కారు రోడ్డు మీద పెట్టుకుంటున్నాను. చెట్టు ఉంటుంది. కాని ఒక షరతు పెట్టారు. పలకలన్నీ తీసేయాలట. చెట్లు ఉండొచ్చు గాని లాటిన్ ఉండొద్దని తీర్మానం. అందుకు మీరు ఎదురు చెప్పకుండా ఊడదీసి ఇచ్చారని జంగయ్య చెప్పాడు. నాకు మనసు బాగాలేదు.

ఇంకో బాధ ఉన్నది. పొద్దున్నే జొన్నల డబ్బా మీదికి చెయ్యి దానంతటదే పోతున్నది. నెట్ అవతల అవి వరుసగా కూర్చుని నా దిక్కే చూసేవి. మా నాయిన కడుపు మాడ్చినట్టుండి ఒక రోజు లోపలికి పోయి ఏడ్చాను. ఇప్పుడు అవి కూడా రావడం లేదు, ఎదురు బ్లాకుకు పోయి మహిపాల్ ఏసీల మీద చేరాయి. ఆయన రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. అందులో, "గీ పక్షులు ఏ దేశంకెళ్లి వచ్చినయో, వాటి అసలు పేరేందో మేడంను అడిగి తెలుసుకోవాలె. మనయి కాకుంటే పట్టేటోళ్లను పిలిపిస్త" అని రాశారు. పట్టుకుపోయినవాళ్లు వాటిని ఏం చేస్తారో మీకు తెలుసు, నాకూ తెలుసు. సంఘం అధ్యక్షుడిగా అడగక తప్పదు కనుక అడుగుతున్నాను. పావురాల శాస్త్రీయ నామం ఏమిటి?

మీ తమ్ముడు,
కోదండం

*

ఎల్బీ నగర్, దసరా మరునాడు.

తమ్ముడూ,

నాకంటే రెండేళ్లు చిన్నవాడివని భూలక్ష్మి చెప్పింది కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

పలకల కోసం బెంగపడకు. పేరు పోయినా కానుగకు ఒక్క ఆకు రాలలేదు. నిన్న సాయంత్రం నేనూ భూలక్ష్మీ దాని కింద జమ్మి ఆకులు పంచుకున్నాం. ఆమె దగ్గలేదు. అది చాలు నాకు.

నీ జొన్నలు బిల్డింగుకు దూరంగా, సరూర్‌నగర్ చెరువు గట్టు మీద వెయ్యి. పొద్దున నడవడానికి నేనూ వస్తాను. మీ నాన్నగారి వాటా ఎక్కడ పెట్టినా ఆయనకు అందుతుంది. దీనికి శాస్త్రం లేదు, నేనే అంటున్నాను. మహిపాల్‌కి నెట్ ఎక్కడ దొరుకుతుందో నువ్వే చెప్పు.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. ఆ పేరు నాకు తెలుసు. ముప్పై ఏళ్లు కాలేజీలో నిలబడి, పేరు తెలిసిన ప్రాణికి గౌరవం పెరుగుతుందని పిల్లలకు చెప్పినదాన్ని. మన బిల్డింగులో పేరు తెలిస్తే ఏమవుతుందో కళ్లారా చూశాను. కాబట్టి దీన్ని నా రాతపూర్వకమైన సమాధానంగా మీటింగులో చదువు: అవి పావురాలు. మనందరికన్నా ముందు నుంచీ ఈ ఊళ్లోనే ఉంటున్నాయి. అంతకు మించి వాటి గురించి నాకేమీ తెలియదు.

అబద్ధమాడుతున్నానని నీకూ తెలుసు. అయినా గట్టిగా చదువు.

మీ అక్క,
వేదవతి